జిద్ కాదు, దిమాగ్‌లోని దారుల సంగతి

మా ఆపాది ప్రొద్దుటూరు. ప్రొద్దుటూరు అనగానే అందరికీ కడప జిల్లా బంగారం అంగళ్లు గుర్తొస్తాయి. అది కాదు. శంకర్‌పల్లి దగ్గరి ప్రొద్దుటూరు. అటు చేవెళ్ళ, ఇటు మొయినాబాద్. కూరగాయల తోటలు, పూలతోటలు, వాటి పక్కనే పట్నం అమీర్ల ఫామ్‌హౌసులు. మా దుల్హేభాయి చిన్న ట్రాలీ ఆటోలో టమాటా, క్యారెట్ మెహిదీపట్నం రైతుబజారుకు తోలుతారు. వాళ్ల పెద్దకొడుక్కి పదిహేనేళ్లు. వాడి పేరు ఇక్కడ రాయను. రేపు పెద్దయ్యాక వాడి గురించి ఏం చెప్పాలో వాడి ఇష్టం. భాంజా అనే అంటాను.

పోయిన రంజాన్ ఈద్ నాడు నేను అక్కడే ఉన్నాను. కొత్త కుర్తా తొడిగి, అత్తరు పూసి, వాణ్ణి నమాజుకు తీసుకుపోయాం. మొదటి పది నిమిషాలు బాగానే ఉన్నాడు. ఇంతలో మైకు కీచుమంది. వాడు రెండు చెవులూ మూసుకున్నాడు. నమాజ్ అయింది, ఖుత్బా అయింది, అందరూ లేచి గలే మిలుతున్నారు. ఎవరో పెద్దాయన మొహబ్బత్‌తోనే వాణ్ణి గట్టిగా హత్తుకున్నారు. అంతే. వాడు తన చేతిని తానే కొరుక్కున్నాడు, కింద పడి తల నేలకు కొట్టుకున్నాడు, లేపబోయినవాళ్లను తన్నాడు. ఇరవై నిమిషాలు. చుట్టూ గుంపు. గుంపులోంచి ఒక మాట వినబడింది: "క్యా తర్బియత్ హై!"

దుల్హేభాయి ఆ మాట ఇంటికి మోసుకొచ్చారు. సేమియా గిన్నె ముందు కూర్చుని ఆపా ఏడ్చింది. "చోటే, పదిహేనేళ్లుగా నేను నిద్రపోలేదు. ఇంకా ఏం తర్బియత్ ఇవ్వాలి రా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతుక్కుంటూ చదివిందీ, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ ఇప్పుడు రాస్తున్నాను. నేను డాక్టరును కాను. ఒక మామూని మాత్రమే.

ముందు మన జుబాన్ సంగతి చూడండి. ఇలాంటి పిల్లల గురించి మన ఇళ్లల్లో ఎన్ని మాటలున్నాయో! జిద్ది. బద్తమీజ్. నఖ్రా. పాగల్. కొంచెం రహమ్ ఉన్నవాళ్లయితే భోలా. ముసలమ్మలైతే నజర్ తగిలిందంటారు, ఆసేబ్ అంటారు, జిన్ అంటారు. ఇన్ని మాటల్లో ఒక్కటి కూడా పిల్లవాడి తకలీఫ్ గురించి చెప్పదు. అన్నీ చూసేవాళ్ల తకలీఫ్ గురించే చెబుతాయి. జిద్ది అంటే మన మాట విననివాడు. బద్తమీజ్ అంటే మన ఇజ్జత్ తీసేవాడు. వాడికి లోపల ఏమవుతోందో చెప్పే మాట మన దగ్గర లేదు.

ఈ పొరపాటు మనదొక్కరిదే కాదు. పెద్దపెద్ద డాక్టర్లు కూడా చేశారు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి రాసి ఆటిజం అనే మాటను వైద్యంలో నిలబెట్టారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ల పైన నడిచిన మాట ఏమిటంటే, తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే పిల్లలు ఇలా అవుతారని. అలాంటి తల్లులకు "ఫ్రిజ్ అమ్మలు" అని పేరు కూడా పెట్టారు. 1964లో బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే సైకాలజిస్టు ఒక కితాబు రాసి, ఇది పుట్టుకతో మెదడులో వచ్చే తేడా అని గట్టిగా వాదించారు. ఆయన కొడుక్కి కూడా ఆటిజమే. ఒక బాప్ కూర్చుని చదివి లెక్క తేల్చేదాకా లక్షల మంది అమ్మల మీద ఇల్జామ్ నడిచింది. మా ఆపా మీద ఈద్ నాడు పడింది అదే ఇల్జామ్. అరవై ఏళ్ల క్రితమే కొట్టేసిన కేసు మన మొహల్లాల్లో ఇంకా నడుస్తోంది.

మరి దిమాగ్‌లో ఏమవుతుంది? నాకు అర్థమైనంత వరకు చెబుతాను.

మెదడును ఒక జిల్లా అనుకోండి. ఊళ్లున్నాయి. చూపుకో ఊరు, వినికిడికో ఊరు, భయానికో ఊరు, ఆలోచనకో ఊరు. ఏ ఊరికి ఆ ఊరు బాగుంటే సరిపోదు, మధ్యలో దారులుండాలి. ప్రొద్దుటూరు టమాటా ఎంత బాగా కాసినా మెహిదీపట్నానికి రోడ్డు లేకపోతే ఏం లాభం? మైకు కీచుమన్నప్పుడు వినికిడి ఊరు "శబ్దం" అంటుంది. అమిగ్డాలా అనే బాదంగింజంత భాగం "ఖత్రా!" అని అరుస్తుంది. అప్పుడు నుదుటి వెనకుండే ముందుభాగం నుంచి "ఏం కాదు, అది మైకే, ఆగిపోతుంది" అని ఖబర్ వెళ్లాలి. ఆ ఖబర్ సరైన టైముకు చేరితే మనం మొహం చిట్లించి ఊరుకుంటాం. దీన్నే డాక్టర్లు సెల్ఫ్ రెగ్యులేషన్ అంటారు. మన మాటలో తనను తాను సంభాళించుకోవడం. సంభాళించుకోవడమంటే ఉత్త మనోబలం కాదు, ఖబర్ దారి దాటి చేరడం. ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లో ఆ దారుల అల్లిక వేరుగా ఉంటుందని, ఖబర్ ఆలస్యంగానో అరకొరగానో చేరుతుందని పరిశోధకులు అనుకుంటున్నారు.

2004లో అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మార్సెల్ జస్ట్ బృందం, ఆటిజం ఉన్న పెద్దవాళ్లు వాక్యాలు చదివి అర్థం చేసుకుంటున్నప్పుడు మెదడును ఎమ్మారై యంత్రంలో చూసింది. మెదడు భాగాల మధ్య తాళం తక్కువగా ఉందని తేల్చింది. ఆ తర్వాత చాలామంది "దూరపు రోడ్లు సన్నం, ఊళ్లోని గల్లీలు ఎక్కువ" అని చెప్పడం మొదలుపెట్టారు. 2013లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 7 నుంచి 12 ఏళ్ల పిల్లల్లో చూస్తే మాత్రం ఉల్టా కనబడింది: కనెక్షన్లు తక్కువ కాదు, ఎక్కువ ఉన్నాయి. పిల్లల్లో ఒకలా, పెద్దల్లో ఒకలా.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. ఎమ్మారై యంత్రంలో తల కొద్దిగా కదిలినా లెక్క తప్పుతుందని 2012లో బయటపడింది. తల కదిలితే దూరపు కనెక్షన్లు తక్కువగా, దగ్గరివి ఎక్కువగా కనబడతాయట. ఆ సన్నటి గొట్టంలో, ఆ ధడధడ చప్పుడులో మా భాంజా కదలకుండా పడుకుంటాడా? దాంతో పాత పరిశోధనలు కొన్నింటిని మళ్లీ చూసుకోవలసి వచ్చింది. తర్వాత చాలా దేశాల వాళ్లు తమ స్కాన్‌లన్నీ ఒకచోట పోశారు. 539 మంది ఆటిజం ఉన్నవాళ్లవి, 573 మంది లేనివాళ్లవి. అందులో కొన్ని దారులు బలహీనంగా, కొన్ని మామూలుకన్నా బలంగా ఉన్నాయని తేలింది. అంటే దారులు తక్కువా ఎక్కువా అన్న సవాల్‌కు ఒక్క మాటలో జవాబు లేదు. అల్లిక వేరు, అంతే. అది కూడా వందల మందిని కలిపి సగటు తీస్తే కనబడే తేడా. ఒక్క పిల్లవాడి స్కాన్ చూసి "వీడికి ఆటిజం ఉంది" అని ఈ రోజుకీ ఎవరూ చెప్పలేరు.

ఇది ఎందుకు ఇంత రాశానంటే, రేపు ఎవడో ఒకడు మీ దగ్గరకొచ్చి "బ్రెయిన్ మ్యాపింగ్ చేస్తాం, కనెక్షన్లు సరిచేస్తాం" అంటాడు. పైసలు దండుకోవడానికి సైన్సు పేరు వాడేవాళ్లు ఆమిల్‌ల కన్నా తక్కువేం కాదు. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స సిఫారసు చేయడం లేదని, దాన్ని ప్రచారం చేసుకోవడం తప్పుడు వృత్తి ప్రవర్తన అవుతుందని నేషనల్ మెడికల్ కమిషన్ కమిటీ 2022లోనే చెప్పింది. అయినా దానికోసం జాగా అమ్ముకున్న అబ్బాలున్నారు. తావీజుకు ఐదొందలు పోతాయి, ఇంజెక్షన్‌కు లక్షలు పోతాయి. రెండిటిలోనూ అమ్ముతున్నది ఉమ్మీదే.

మళ్లీ సంభాళించుకోవడం దగ్గరకొద్దాం. ఆగడం, ఒక పనిలోంచి ఇంకో పనికి మారడం, చెప్పింది కాసేపు గుర్తుంచుకోవడం, ముందూవెనకా చూసుకోవడం: ఈ పనులన్నిటినీ కలిపి ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ అంటారు. 2018లో 235 పరిశోధనలను కలిపి చూస్తే, ఆటిజం ఉన్నవాళ్లకు ఏదో ఒక పనిలో కాదు, దాదాపు అన్నిటిలోనూ కొంత ఇబ్బంది ఉందని తేలింది. దీనికి తోడు ఇంకోటి. తన లోపల కలిగేది కోపమా, భయమా, ఆకలా, కడుపునొప్పా అన్నది గుర్తుపట్టి పేరు పెట్టలేకపోవడం. ఆటిజం ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఈ ఇబ్బంది ఉందని 2019లో వచ్చిన ఒక విశ్లేషణ చెబుతోంది. మిగతా జనంలో అది నూటికి ఐదుగురికే. గుస్సా వచ్చిందని తెలిస్తేనే కదా గుస్సాను దిగమింగేది! ఏ మంట ఎక్కడ అంటుకుందో తెలియకపోతే నీళ్లు ఎక్కడ పోస్తాడు?

మా భాంజా సంగతే తీసుకోండి. ఈద్‌కు ముందు ముప్పై రోజులు ఇంట్లో ఏం జరిగింది? సహ్రీ అని నడిరాత్రి లైట్లు, గిన్నెల చప్పుడు. మధ్యాహ్నం పొయ్యి వెలగదు. వాడికి రోజూ ఒంటిగంటకు అన్నం, అదే పళ్లెం, అదే మూల. అది పోయింది. ఇఫ్తార్‌కు ఇంటినిండా మెహమాన్లు. తరావీహ్‌కు అబ్బా ఇంట్లో ఉండరు. మనకు అది బర్కత్ నెల. వాడికి మాత్రం గోడలన్నీ రోజూ జరిగిపోతున్నట్టు ఉంటుంది. ఆ ముప్పై రోజుల అలసట మీద కొత్త కుర్తా గీరుకోవడం, అత్తరు వాసన, మైకు కీచు, ఆ పైన ఒక గట్టి కౌగిలి. గ్లాసు ముందే నిండి ఉంది. ఆ పెద్దాయన కౌగిలి ఆఖరి చుక్క మాత్రమే. గుంపుకు కనబడింది ఆ ఆఖరి చుక్కే.

జిద్‌కూ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది అని మా దోస్త్ ఒకడు అడిగాడు. మంచి సవాల్. జిద్ చేసే పిల్లవాడు ఏడుస్తూనే ఓరకంట అమ్మీ వైపు చూస్తాడు. బిస్కెట్ ఇస్తే ఆపుతాడు. చూసేవాళ్లు లేకపోతే ఆపుతాడు. మెల్ట్‌డౌన్‌లో ఉన్న పిల్లవాడు ఎవరినీ చూడడు. అడిగింది ఇచ్చినా ఆగడు, ఎందుకంటే వాడు ఏదీ అడగడం లేదు. అయిపోయాక పిండేసిన గుడ్డలా పడుకుంటాడు. కొందరికి ఏం జరిగిందో కూడా సరిగా యాదుండదు. కొందరికి యాదుండి షరమ్‌తో కుమిలిపోతారు. మా భాంజా ఆ రోజు సాయంత్రం నా దగ్గరకొచ్చి, నా చెయ్యి పట్టుకుని, "మామూ, గంద పని అయింది" అన్నాడు. "చేశాను" అనలేదు. "అయింది" అన్నాడు. నేను చదివిన కాగితాలన్నిటికన్నా ఆ ఒక్క మాటే నాకు ఎక్కువ అర్థం చెప్పింది.

"మా అబ్బా కొడితేనే మేం సీదా అయ్యాం" అనేవాళ్లున్నారు. వాళ్లతో నాకు ఝగడా లేదు. కానీ ఆలోచించండి. "ఖత్రా! ఖత్రా!" అని ఇప్పటికే అరుస్తున్న దిమాగ్‌కు దెబ్బ ఏం చెబుతుంది? నిజంగానే ఖత్రా అని చెబుతుంది. కొట్టి ఆపిన పిల్లవాడు నేర్చుకునేది సబర్ కాదు, ఖౌఫ్. చిన్నప్పుడు భయపడతాడు. పదిహేనేళ్లకు చెయ్యి అబ్బా కన్నా బలంగా అవుతుంది. అప్పుడు కొట్టడం పనిచేయదు. అప్పుడే ఇంట్లోకి తాడు వస్తుంది.

అవును, తాడు. మీరు ఆశ్చర్యపోకండి. ఈద్ నాడు మా ఆపాకు ఇద్దరు మంచి మనసుతోనే సలహా ఇచ్చారు. ఒకరు ఫలానా ఆమిల్ దగ్గర నలభై రోజులు పెట్టమన్నారు. ఇంకొకరు ఒక దర్గా పేరు చెప్పి, అక్కడ కట్టేసి ఉంచుతారు, నయమవుతుందన్నారు. అప్పుడు నాకు ఏర్వాడి యాదొచ్చింది. తమిళనాడులో రామనాథపురం జిల్లా. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అక్కడి ఒక మానసిక రోగుల ఆశ్రమం తాటాకుల పాకకు నిప్పంటుకుంది. దర్గాకు షిఫా కోసం ఇంటివాళ్లు తెచ్చి వదిలిన మనుషులు గొలుసులతో కట్టేసి ఉన్నారు. పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. వాళ్లను అక్కడికి తెచ్చినవాళ్లు జాలిం కాదు. అమ్మీలు, అబ్బాలు, భాయిలు. వేరే దారి తెలియనివాళ్లు. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం ఏ రూపంలోనైనా సరే గొలుసు వేయడాన్ని నిషేధించింది. కానీ చట్టం గొలుసును తీసేయగలదు, అమ్మీకి చెయ్యి ఆసరా ఇవ్వాలంటే మనుషులు కావాలి.

దర్గాకు వెళ్లొద్దని నేను అనను. దువా చేయండి. దువా అమ్మీకి తాఖత్ ఇస్తుంది. కానీ దువాతో పాటు దవా కూడా చూడాలనేది మనకు కొత్త మాట కాదు కదా. ఇంకో సంగతి కూడా చెబుతాను. అంధుడైన అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చి మాట మధ్యలో అడిగినప్పుడు మొహం చిట్లించారని సాక్షాత్తు ప్రవక్తనే (స) మందలిస్తూ ఖురాన్‌లో సూరా దిగింది. ఆ సూరా పేరే అబస, అంటే మొహం చిట్లించారు అని. ఆ అంధ సహాబీ మదీనాలో అజాన్ ఇచ్చేవారు. మొహం చిట్లించడం మీదే అంత మందలింపు ఉన్న దీన్ మనది. ఈద్ నాడు ఆ గుంపులో ఎన్ని మొహాలు చిట్లాయో లెక్కపెట్టుకోండి.

ఇమామ్ సాబ్‌లకు, మస్జిద్ కమిటీ పెద్దలకు నా గుజారిష్ చిన్నది. మైకు లోపలివైపు శబ్దం కొంచెం తగ్గించండి. చివరి సఫ్‌లో, తలుపు పక్కన, ఇలాంటి పిల్లలకు, వాళ్ల అబ్బాలకు జాగా వదలండి. లేచి బయటికి వెళ్లి మళ్లీ వచ్చే వీలుండాలి. అడగకుండా హత్తుకోవద్దు, సలాం చాలు. పిల్లవాడు కింద పడితే గుంపు కట్టొద్దు, మాట్లాడొద్దు, వెనక్కి జరగండి, తల కింద మెత్తటిదేదైనా పెట్టండి. ఏడాదిలో ఒక జుమా నాడు ఖుత్బాకు ముందు రెండు నిమిషాలు ఈ సంగతి చెప్పండి. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఇదే మాట గుడి పెద్దలకు, చర్చి పెద్దలకు కూడా. జాతరలో డప్పుల మధ్య చెవులు మూసుకుని ఏడ్చే పిల్లవాడికి మజహబ్ ఏముంటుంది?

ఆడపిల్లల సంగతి చెప్పకపోతే ఈ రాత అధూరాగా ఉంటుంది. ఆటిజం మగపిల్లల్లో ఎక్కువ గుర్తిస్తారు, దాదాపు ముగ్గురికి ఒకరు లెక్కన. కానీ ఆడపిల్లల్లో చాలామందిని గుర్తించనే గుర్తించరు. మన ఇళ్లల్లో మరీ కష్టం. మాట్లాడని పిల్లను షరీఫ్ అంటాం. కళ్లలోకి చూడని పిల్లను హయా ఉన్న పిల్ల అంటాం. లోపల ఆ పిల్ల ఎంత నలిగిపోతోందో ఎవరికీ పట్టదు. తర్వాత రిష్తా వస్తుంది. మగపిల్లవాడికైతే "షాదీ చేస్తే ఠీక్ అయిపోతాడు" అంటారు. షాదీ ఇలాజ్ కాదు. తెలియకుండా చేసిన షాదీ రెండు జిందగీలను పాడు చేస్తుంది. తెలిసి, ఇద్దరి ఇష్టంతో చేస్తే అది వేరే మాట. ఆటిజం ఉన్నవాళ్లలో చదువుకుని, కొలువు చేసి, ఇల్లు నడిపేవాళ్లూ ఉన్నారు.

జుబాన్ గురించి కూడా ఒక మాట. మేం ఇంట్లో దక్కనీ మాట్లాడతాం, గల్లీలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. భాంజా చిన్నప్పుడు ఎవరో "మూడు భాషలతో పిల్లవాడు గలత్ పడుతున్నాడు, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అన్నారు. ఆపాకు వచ్చిన ఇంగ్లీషు పది మాటలు. రెండేళ్లు కన్నకొడుకుతో ఆ పది మాటలతోనే బతికింది. రెండు భాషల వల్ల ఆటిజం పిల్లలకు నష్టం జరుగుతుందని పరిశోధనల్లో తేలలేదు. కాబట్టి అమ్మీ ఏ భాషలో లోరీ పాడుతుందో ఆ భాషలోనే మాట్లాడండి. తనను తాను సంభాళించుకోవడం నేర్చుకునేది మొదట అమ్మీ గొంతులోంచే.

ఇప్పుడు సర్కారు దగ్గరకొద్దాం. హఖ్ సంగతి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం మాటే లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది, అందులో ఉంది. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాల్లో ఆటిజాన్ని చేర్చారు. 40 శాతం పైన ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హఖ్. సర్కారీ కొలువుల్లో వాటా ఉంది. నేషనల్ ట్రస్ట్ నిరామయ బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యం ఖర్చు వస్తుంది. తెలంగాణలో వికలాంగుల పింఛన్ 2023లో 4,016 రూపాయలకు పెంచారు. ఆటిజాన్ని కొలిచే మన దేశపు స్కేలు ఐసా. అందులో 40 అంశాలుంటాయి, 70 మార్కులు దాటితే ఆటిజం కింద లెక్క. అది తయారైంది ఎక్కడో కాదు, మన సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థలో. 1984లో మొదలైన సంస్థ అది.

చూశారా, దేశానికే కొలబద్ద ఇచ్చిన సంస్థ మన పక్కనే ఉంది. ప్రొద్దుటూరు నుంచి పొద్దున బయలుదేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. కానీ మెల్ట్‌డౌన్ అయ్యే పిల్లవాణ్ణి బస్సులో కూర్చోబెట్టి, మెహిదీపట్నంలో దిగి, ఇంకో బస్సు ఎక్కి, లైన్లో నిలబడి, ఆ రోజు ట్రాలీ ఆటో కిరాయి పోగొట్టుకుని వెళ్లడం ఎన్నిసార్లు కుదురుతుంది? దారులు దిమాగ్‌లోనే కాదు, బయట కూడా సన్నగానే ఉన్నాయి.

పిల్లలు తక్కువమంది కదా, ఇంత హంగామా ఎందుకు అంటారా? 2018లో అచ్చయిన ఒక పరిశోధనలో మన దేశంలో ఐదు చోట్ల 2 నుంచి 9 ఏళ్ల పిల్లలను చూశారు. ఆ ఐదింటిలో హైదరాబాద్ ఒకటి. ఆటిజం, మూర్ఛ, వినికిడి లోపం, చదువులో ఇబ్బంది వగైరా తొమ్మిది రకాల ఎదుగుదల సమస్యల్లో ఏదో ఒకటి ఉన్నవాళ్లు చిన్న వయసు వాళ్లలో నూటికి 9 మంది, ఆరు దాటినవాళ్లలో నూటికి 13 మందికి పైనే. ప్రతి బడిలో, ప్రతి గల్లీలో ఉన్నారన్నమాట. మనకు కనబడటం లేదంటే లేరని కాదు, ఇళ్లల్లో దాచామని.

దారి లేదా? ఉంది. 2016లో వచ్చిన ఒక పరిశోధన చదివి నాకు చాలా ఖుషీ అయింది. ఒక చోటు మన గోవా, ఇంకో చోటు పాకిస్తాన్‌లోని రావల్పిండి. రెండు ముల్కులూ కలిసి చేసిన మంచి పని! 2 నుంచి 9 ఏళ్ల పిల్లలు 65 మంది. పెద్ద డాక్టర్లు కాదు, శిక్షణ ఇచ్చిన మామూలు ఆరోగ్య కార్యకర్తలే ఇంటివాళ్లతో ఆరు నెలల్లో 12 సార్లు కూర్చున్నారు. పిల్లవాడితో ఆడేటప్పుడు ఎలా గమనించాలి, ఎలా ఆగి జవాబివ్వాలి అని అమ్మీలకు వీడియో తీసి చూపించి నేర్పారు. అమ్మీలు మారారు, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. అన్ని కొలతల్లోనూ మెరుగు రాలేదు, మోజిజా ఏం జరగలేదు. కానీ ఇది మన ఆశా కార్యకర్త చేయగలిగిన పని అని రుజువైంది.

కాబట్టి నా డిమాండ్లు ఇవీ. చేవెళ్ళ, మొయినాబాద్, శంకర్‌పల్లి మండలాల్లో ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలకు ఈ శిక్షణ ఇవ్వాలి. భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపీతో పాటు వారానికి ఒక రోజైనా మాటల చికిత్స, ప్రవర్తన చికిత్స తెలిసినవాళ్లు కూర్చోవాలి. సర్టిఫికెట్ క్యాంపుల్లో ఆటిజం పిల్లలకు వేరే టైము ఇవ్వాలి, గంటలకొద్దీ గుంపులో నిలబెట్టకూడదు. ఫారాలు, సలహాల కాగితాలు తెలుగులో, ఉర్దూలో ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, 18 ఏళ్లు దాటినవాళ్లకు పగటిపూట ఉండే చోటు, పని నేర్చుకునే చోటు మండలానికి ఒకటి కావాలి. ఆటిజం పిల్లలకు కూడా మీసాలు వస్తాయని సర్కారు మరిచిపోయింది.

ఇంట్లో చేసుకోదగ్గవి ఆపా చేస్తోంది. గోడ మీద రోజు పనులు బొమ్మలుగా అంటించింది. ఈసారి రంజాన్‌లో అందరూ రోజాలో ఉన్నా ఒంటిగంటకు వాడి పళ్లెం వాడి మూలలోనే పెడతానంది. వాడికి చెవులు మూసే హెడ్‌ఫోన్ ఒకటి నేను కొన్నాను. ఎర్ర కార్డు చూపిస్తే చాలు, ఎవరూ ఏమీ అడగకుండా వెనక అర్రలోకి పంపుతారు. అది శిక్ష అర్ర కాదు, వాడి అర్ర. గ్లాసు నిండకముందే కాస్త కాస్త ఒంపుకోవడం వాడు నేర్చుకుంటున్నాడు. దుల్హేభాయి క్యారెట్లు కడిగి కట్టలు కట్టే పని నేర్పారు. వాడు కట్టిన కట్టలో ఒక్క క్యారెట్ ఎక్కువ తక్కువ ఉండదు.

ఆ రోజు ఆపా అడిగినదానికి ఇదే నా జవాబు. ఆపా, నీ తర్బియత్‌లో కమీ లేదు. వాడి నీయత్‌లో కమీ లేదు. వాడి దిమాగ్‌లో దారులు వేరుగా ఉన్నాయి, వాటి మీద నడవడానికి వాడికి టైము కావాలి. కమీ ఉన్నది గుంపు కట్టి చూసిన మాలోనే. రాబోయే ఈద్‌కు వాణ్ణి మళ్లీ నమాజుకు తీసుకుపోతాను. చివరి సఫ్‌లో తలుపు పక్కన నిలబడతాం. మీ ఊళ్లో కూడా తలుపు పక్కన అలాంటి పిల్లవాడు నిలబడితే, కొంచెం జరిగి జాగా ఇవ్వండి.